పడిన వీరుడు బతకాలా?

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో ప్రచురించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి రోల్‌ప్లేయింగ్ గేములు అనే కొత్త ఆటల కుటుంబం ఒకటి మొదలైంది. బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతూ, ఫలితం సందేహంగా ఉన్నచోట పాచికలు వేసి తేల్చుకుంటూ, అందరూ కలిసి ఒక సాహసగాథను నడిపించడం ఈ ఆటల పద్ధతి. కథాలోకాన్ని కల్పించి, శత్రువుల తరఫున ఆడుతూ, నిబంధనలకు తీర్పు చెప్పే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. ఒక పాత్ర ఎంత దెబ్బకు తట్టుకోగలదో చెప్పే అంకెకు హిట్ పాయింట్లు అని పేరు. అనుభవం కూడి పాత్ర లెవెల్ పెరిగేకొద్దీ ఈ అంకె కూడా పెరుగుతూ పోతుంది. దాదాపు అర్ధ శతాబ్దంగా తెగని ఒక తగవుకు ఈ పెరుగుదలే మూలం.

1978లో వెలువడిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోనూ, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లోనూ ఎత్తు నుంచి పడడానికి ఉన్న నిబంధన ఒక్కటే: పడిన ప్రతి 10 అడుగులకు ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున వేసి, వచ్చిన మొత్తాన్ని హిట్ పాయింట్ల నుంచి తీసివేయాలి, మేఘాల నుంచి పడినా 20 పాచికలకు మించి వేయనక్కరలేదు. చిన్న లెవెల్ పాత్రకు ఇది మృత్యుపాశమే గాని, పెద్ద లెవెల్ వీరుడికి మాత్రం లెక్కలో పెట్టుకుని భరించగల ఖర్చు.

ఈ నిబంధనపై ఇక్కడ వాదించుకునేవారు ఇద్దరు. ఒకరు కళాశాలలో ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం బోధించి, ఆటలో యోధుల పాత్రలు ధరించే మాస్టారు. రెండోవారు ఆయన కూర్చునే బల్లకు డంజన్ మాస్టర్‌గా ఉండే నిర్వాహకురాలు. సాధారణంగా పాత్ర బతకాలని ఆటగాడు కోరుకోవడం, ప్రమాదం ఉండాలని డంజన్ మాస్టర్ కోరుకోవడం కనిపిస్తుంది. ఇక్కడ చావు కావాలని అడుగుతున్నది ఆటగాడు, వద్దంటున్నది నిర్వాహకురాలు. అందువల్ల ఇద్దరి మాటలోనూ స్వలాభం లేదన్నది ముందే గుర్తించదగిన విషయం.

మాస్టారు: ముందు ఒక్క లెక్క చూడమ్మా. శరీర దార్ఢ్యం బాగా ఉన్న పదో లెవెల్ యోధుడికి ఐదో ఎడిషన్ ప్రకారం 94 హిట్ పాయింట్లు ఉంటాయి. అతను 200 అడుగుల కొండ మీది నుంచి, అంటే దాదాపు 61 మీటర్ల ఎత్తు నుంచి రాతి నేల మీద పడ్డాడనుకుందాం. 20 పాచికలు వేస్తే సగటున వచ్చేది 70. 94 గాని అంతకు మించి గాని రావడానికి ఉన్న అవకాశం వెయ్యింటికి ఒకటి. ఆ ఒక్కసారి వచ్చినా అతను చావడు. సున్నాకు చేరి స్పృహ తప్పి పడిపోతాడు. అక్కడికక్కడే ప్రాణం పోవాలంటే, సున్నాకు దిగిన తరువాత మిగిలిన దెబ్బ మళ్లీ అతని పూర్తి హిట్ పాయింట్లకు సమానం కావాలి, అంటే మొత్తం 188 రావాలి. 20 పాచికలూ ఆరే చూపినా 120 దాటదు. ఏ గాయమూ లేకుండా కొండ అంచున నిలబడిన ఆ యోధుడిని పడిన దెబ్బ ఒక్కటే చంపడం గణితరీత్యా అసాధ్యమన్నమాట. అతను లేచి నిలబడతాడు, మూటలు సర్దుకుంటాడు, 8 గంటలు విశ్రాంతి తీసుకుంటే మరునాటికి 94 పాయింట్లూ తిరిగి వస్తాయి.

నిర్వాహకురాలు: లెక్క సరైనదే మాస్టారూ, కాని ఆ 94 దేనికి కొలత అన్నది ముందు తేలాలి కదా. అవి మాంసానికీ ఎముకకూ కొలతలు కావని గైగాక్స్ 1979 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే వివరించారు. దెబ్బను కాచుకునే నేర్పు, అదృష్టం, దేవతల రక్షణ, ఇంద్రియాలకు అందని ఒక హెచ్చరిక, ఇవన్నీ కలిసిన మొత్తమే ఆ అంకె. పదో లెవెల్ యోధుడి శరీరం మొదటి లెవెల్ వాడి శరీరం కన్నా పది రెట్లు గట్టిదని ఎవరూ అనలేదు. అందుకని అతను 70 పాయింట్లు పోగొట్టుకున్నాడంటే 70 వంతుల ఎముకలు విరిగాయని అర్థం కాదు. కొమ్మ అడ్డం వచ్చింది, వాలు మీద జారాడు, అంగీ రాతికి చిక్కింది, దాచుకున్న అదృష్టంలో మూడు వంతులు అక్కడ ఖర్చయిపోయింది.

మాస్టారు: కత్తి విషయంలో ఆ వివరణ నిలుస్తుంది. కత్తి పట్టి ఎదుట నిలిచినవాడు ఒక ప్రత్యర్థి. ప్రత్యర్థి గురిని తప్పించడం నేర్పు, తప్పించలేనప్పుడు గీరుకుని మాత్రమే పోవడం అదృష్టం. నేలకు గురి లేదు, నేల తప్పుకోదు. కోట బురుజు మీది నుంచి రాళ్లు పరిచిన చదును ముంగిట్లో పడేవాడికి ఏ కొమ్మ అడ్డం వస్తుంది? అంతకన్నా విడ్డూరం మరొకటి ఉంది. బార్బేరియన్ అనే యోధజాతి పాత్ర ఆవేశంలో ఉన్నప్పుడు మొద్దు దెబ్బలు సగమే తగులుతాయని నియమం. నేలకు గుద్దుకోవడం కూడా మొద్దు దెబ్బ కిందికే వస్తుంది కనుక, ముందు కోపం తెచ్చుకుని ఆ తరువాత దూకితే 70 కాస్తా 35 అవుతుంది. ఇందులో నేర్పు ఏది, అదృష్టం ఏది?

ఈ ఆక్షేపణకు నిర్వాహకురాలు నేరుగా సమాధానం చెప్పలేదు. చెప్పడం కష్టం కూడాను. దెబ్బను తప్పించుకోవడానికి అల్లిన భావన ఒకటి, తప్పించుకోవడమనే మాటకే చోటులేని సందర్భానికి అంటించబడి ఉందన్నది నిజం. ఆమె మరో దారి పట్టి, జరిగిన సంఘటనలను ముందు పెట్టింది.

నిర్వాహకురాలు: మరి నిజ జీవితంలో జరిగినవాటి సంగతేమిటండీ? 1944 మార్చిలో నికొలస్ ఆల్కమేడ్ అనే బ్రిటిష్ వైమానిక సైనికుడు మంటల్లో చిక్కిన బాంబర్ విమానం నుంచి, పారాచూట్ కాలిపోయిన స్థితిలో, 18,000 అడుగుల ఎత్తున దూకేశాడు. పైన్ చెట్ల కొమ్మలూ కింది మంచూ ఆపగా, విరిగిన ఎముక లేకుండా బతికాడు. 1972 జనవరి 26న చెకొస్లొవేకియా మీద యుగొస్లావ్ విమానం ఒకటి పేలిపోయినప్పుడు అందులోని పరిచారిక వెస్నా వులోవిచ్ 10,160 మీటర్ల ఎత్తు నుంచి విమాన శకలంతో పాటు పడి బతికింది. అంతకు నెల రోజుల ముందే, 1971 డిసెంబరు 24న, పెరూ అడవులపై పిడుగుపాటుకు ముక్కలైన విమానం నుంచి 17 ఏళ్ల యూలియానె కోప్కె సీటుకు కట్టిన బెల్టుతోనే దాదాపు 3,000 మీటర్లు పడి, 11 రోజులు అడవిలో నడిచి మనుషులను చేరుకుంది. నిజమైన మనుషులకు దొరికిన మినహాయింపు వీరగాథలోని వీరుడికి దొరకకూడదా?

మాస్టారు: ఆ ముగ్గురి చరిత్రా నిజమే, అది సాక్ష్యం చెప్పేది మాత్రం ఇటువైపు. వాళ్లలో ఏ ఒక్కరైనా పది యుద్ధాలు గెలిచిన మహావీరులా? ఒకరు విమానం తోక దగ్గర కూర్చునే తుపాకీదారు, ఒకరు పరిచారిక, ఒకరు బడిపిల్ల. అదే పెరూ విమానంలో 92 మంది ఉంటే మిగిలిన 91 మందీ పోయారు. గురుత్వాకర్షణ లెవెల్ చూసి దయ చూపదు. నిజమైన ప్రపంచంలో బతుకు ఒక లాటరీ అయితే, పాచిక కూడా అలాగే ఎవరినైనా చంపగలగాలి, ఎవరినైనా విడిచిపెట్టగలగాలి. మొదటి లెవెల్ మాంత్రికుడు 8 పాయింట్లతో 50 అడుగుల నుంచి పడితే చాలాసార్లు అక్కడికక్కడే చావడం, పదో లెవెల్ యోధుడు అందుకు నాలుగింతలు పడి ఖాయంగా బతకడం అన్న ఏర్పాటుకు వెస్నా కథ ఆధారం కాదు. పైగా ఆమె పుర్రె చిట్లింది, వెన్నుపూసలు విరిగాయి, కాళ్లు విరిగాయి, చాలా రోజులు స్పృహ లేదు, నడుము నుంచి కిందికి కొంతకాలం చచ్చుబడింది. ఏ వెస్నా కూడా ఒక రాత్రి నిద్రపోయి 94కు 94 తెచ్చుకోలేదమ్మా.

వాదం ఇక్కడితో కొత్త మలుపు తిరిగింది, ఎందుకంటే మాస్టారి చివరి మాటలో ఆయన పక్షానికి సరిపడని ఒక ఒప్పుకోలు ఉంది: ఆయనకు అభ్యంతరం బతకడం మీద కాదు, ఏమీ కాకుండా బతకడం మీద. ఆ తేడాను నిర్వాహకురాలు వెంటనే పట్టుకుంది.

నిర్వాహకురాలు: అయితే కథల దగ్గరికే వద్దాం. హిరణ్యకశిపుడి భటులు కొండ మీది నుంచి తోసేసిన ప్రహ్లాదుడు చెక్కుచెదరకుండా ఉన్నాడు. పోతన భాగవతం విన్న ఏ తెలుగు పిల్లవాడూ అది అన్యాయమని అనుకోడు.

మాస్టారు: అనుకోడు, ఎందుకంటే ప్రహ్లాదుడు తన బలంతో బతకలేదు. అక్కడ రక్షించినది విష్ణువు. ప్రహ్లాదుడి దగ్గర ఏ పట్టికా లేదు, కొండ ఎంత ఎత్తని అతను అడగలేదు, పడితే బతుకుతానన్న లెక్క వేసుకోలేదు. అది అనుగ్రహం, అనుగ్రహాన్ని వీరుడి సొంత ఆస్తిగా రాసి పెట్టిన ఆ రోజున అది అనుగ్రహం కాకుండా పోతుంది. వీరుల పతనాలు చూడాలంటే రామాయణంలోకి రావాలి. బాలుడైన హనుమంతుడు సూర్యుడి వైపు ఎగిరితే ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టాడు. కొండ మీద పడ్డాడు, బతికాడు, దవడ విరిగింది. సంపాతి తమ్ముడు జటాయువును సూర్యుడి వేడి నుంచి కాపాడబోయి రెక్కలు కాలి వింధ్య పర్వతం మీద పడ్డాడు. అంత ఎత్తు నుంచి పడి కూడా బతికాడు, కాని ఎగరలేడు. వానరులు సీత జాడ తెలియక సముద్రతీరంలో ప్రాయోపవేశానికి కూర్చున్నప్పుడు ఆ రెక్కలు లేని పక్షే లంక ఎక్కడుందో చూసి చెప్పింది. సంపాతి పడిన మరునాడే రెక్కలు కట్టుకుని లేచిపోయి ఉంటే కిష్కింధాకాండలో ఆ ఘట్టానికి చోటే ఉండేది కాదు.

నిర్వాహకురాలు: అంటే సంపాతి బతకాలన్నది మీకూ అంగీకారమే కదండీ. చచ్చిపోతే ఆ జాడ చెప్పేవారెవరు? ఈ ఆటకు బీజం వేసిన పుస్తకాల్లో ఒకటైన టోల్కీన్ కథలోనూ ఇదే ఉంది. మోరియా వంతెన మీది నుంచి బాల్రోగ్ అనే అగ్నిభూతంతో పాటు అగాధంలో పడిన గాండాల్ఫ్ ఆ పతనంలో చావలేదు. అడుగున నీళ్లలో పడ్డాడు, పోరాడుతూ శిఖరం దాకా ఎక్కాడు, అక్కడ శత్రువును చంపి తానూ పోయాడు, మరో రూపంతో తిరిగి పంపబడ్డాడు. పడడం ఒక వీరుడి కథకు ముగింపు అయితే ఈ కథలన్నీ మొదటి అధ్యాయంలోనే ఆగిపోయేవి.

మాస్టారు: తిరిగి వచ్చిన గాండాల్ఫ్ వెళ్లిన గాండాల్ఫ్ కాదు, పాత మిత్రులు కూడా మొదట గుర్తుపట్టలేకపోయారు. సంపాతి అయినా, గాండాల్ఫ్ అయినా, పడకముందు ఉన్నవాడు పడిన తరువాత లేడు. నిబంధనలో కావలసినది అది, ఉన్నది అది కాదు.

ఈ సంవాదంలో అత్యంత విలువైన భాగం ఇదేనని చెప్పవచ్చు. తరువాతి చర్చ కొంతసేపు భౌతికశాస్త్రం మీద నడిచింది. ఈ నిబంధన చరిత్ర కూడా ఆసక్తికరమైనదే. 10 అడుగులకు ఒక పాచిక అన్న నిబంధన తాను ఉద్దేశించినది కాదని గైగాక్స్ 1983లో డ్రాగన్ అనే పత్రికలో తెలియజేశారు. ఆయన ఉద్దేశంలో మొదటి 10 అడుగులకు ఒక పాచిక, రెండో పదికి రెండు, మూడో పదికి మూడు చొప్పున కూడుతూ పోవాలి. అలా కూడితే 60 అడుగులకే 20 పాచికల హద్దు దాటిపోతుంది. మరుసటి ఏడాది అదే పత్రికలో వేగం, శక్తి సూత్రాలతో రెండువైపులా వ్యాసాలు వచ్చాయి. భౌతికశాస్త్రం మాత్రం మాస్టారికి పూర్తి తోడు రాలేదు, ఆ సంగతిని ఆయనే దాచకుండా చెప్పారు: గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నేలను తాకేటప్పుడు శరీరానికి ఉండే గతిజశక్తి ఎత్తుకు అనులోమానుపాతంలోనే పెరుగుతుంది కనుక, ఎత్తు రెట్టింపైతే పాచికలు రెట్టింపు కావడం శాస్త్రసమ్మతమే, గైగాక్స్ కోరిన కూడిక పద్ధతి శాస్త్రాన్ని మించిన కఠినత్వం. హద్దు దగ్గర మాత్రం తప్పు ఉంది. పడే మనిషి వేగం గాలి నిరోధంతో సమతూకానికి వచ్చి ఇక పెరగకుండా నిలిచిపోవడాన్ని అంత్యవేగం అంటారు. అది గంటకు సుమారు 200 కిలోమీటర్లు, దాన్ని అందుకోవడానికి 450 మీటర్లు పడాలి. 200 అడుగుల దగ్గర వేగం ఇంకా గంటకు 120 కిలోమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. శక్తి లెక్కన చూస్తే దెబ్బ ఇంకా రెండింతలకు మించి పెరగవలసిన చోట నిబంధన ఆగిపోయింది. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ అనే మరో ఆట రెండో ఎడిషన్ ఈ లోపాన్ని సరిచేసింది: పడిన అడుగులలో సగం అంకె ఎంతో అంత దెబ్బ, పాచికే లేదు, హద్దు 1500 అడుగులు, అంటే దాదాపు ఆ 450 మీటర్లే. ఆ ఆటలో మహావీరుడు కూడా ఆకాశం నుంచి పడితే 750 పాయింట్ల దెబ్బ తిని పోతాడు, పిల్లిలా పడే విద్యను చివరి మెట్టు దాకా సాధించినవాడు తప్ప.

నిర్వాహకురాలు: ఆ విద్య సంగతి బాగుంది, ఎందుకంటే అక్కడ బతుకు ఆటగాడు ఎంచుకుని సంపాదించినది. కాని పడితే చావే అని రాసేముందు బల్ల దగ్గర జరిగేది చూడండి మాస్టారూ. థండర్‌వేవ్ అనే మొదటి స్థాయి మంత్రం ఎదుటివాడిని 10 అడుగులు వెనక్కి నెడుతుంది. పడితే చావే అయినప్పుడు కొండ అంచున జరిగే ప్రతి యుద్ధమూ ఎవరు ఎవరిని ముందు నెడతారన్న పోటీగా మిగిలిపోతుంది. కత్తి విద్యలూ వ్యూహాలూ దండగ. అది శత్రువులకూ వర్తిస్తుంది. ఏనుగునైనా ఎత్తుకుపోగల రాక్ అనే మహాపక్షి ఆడుతున్న యోధుడిని పట్టి పైనుంచి వదిలేస్తే రెండేళ్లు పెంచుకున్న పాత్ర ఒక్క మాటతో పోతుంది. డంజన్ మాస్టర్‌కు అంత అధికారం అక్కర్లేదు. దాని ఫలితం కూడా తెలిసినదే: ఆటగాళ్లు వంతెన ఎక్కరు, తాడు పట్టుకుని లోయలోకి దిగరు, డ్రాగన్ వీపు మీదికి దూకరు. భయం పెంచబోతే సాహసం పోతుంది.

మాస్టారు: ఆ భయం ఇప్పుడు మరీ లేకుండా పోయింది కదమ్మా. ఈక రాలినట్లు నెమ్మదిగా దింపే ఫెదర్ ఫాల్ అనే మంత్రం ఉంది, పడేవాళ్లను ఐదుగురి దాకా ఒకేసారి కాపాడుతుంది. పడినా ఏమీ కాదని తెలిసిన పదో లెవెల్ బృందంలో ఆ మంత్రాన్ని సిద్ధం చేసుకునే మాంత్రికుడు ఎవరు? మెట్లు దిగడానికి బద్ధకించి బురుజు మీది నుంచి దూకిన పాత్రలు ప్రతి బల్ల దగ్గరా ఉన్నాయి. ఒకరు తోస్తే పడడం వేరు, లెక్క చూసుకుని దూకడం వేరు. మొదటివాడి మీద జాలి చూపమనండి, అంగీకారమే. రెండోవాడికి ఆ 94 ముందుగానే కనబడుతున్నది; అతను అగాధాన్ని చూడడం మానేసి కాగితాన్ని చూస్తున్నాడు.

బతకాలా చావాలా అన్న ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉండడం వల్లే ఇది ఇన్నేళ్లుగా తెగలేదని ఈ మాటతో స్పష్టమవుతుంది. బలవంతాన పడినవాడికి నిబంధన ఏమివ్వాలన్నది ఒకటి, దూకబోయేవాడికి నిబంధన ముందుగా ఎంత చెప్పాలన్నది మరొకటి. 1986 నాటి వార్‌హ్యామర్ ఫాంటసీ రోల్‌ప్లే మొదటిదానికి మంచి సమాధానం ఇచ్చింది. అందులో ప్రతి పాత్రకూ పుట్టుకతోనే కొన్ని ఫేట్ పాయింట్లు, అంటే విధి ఇచ్చిన మినహాయింపులు ఉంటాయి. చావు తప్పనిచోట ఒకటి వాడితే ఏదో ఒక విధంగా బతుకు దక్కుతుంది గాని, ఆ పాయింటు మరి తిరిగి రాదు. లెవెల్‌తో అది పెరగదు, రాత్రి నిద్రతో నిండదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఒక్క అంకెలో కుక్కిన శరీరాన్నీ అదృష్టాన్నీ ఈ ఆట విడదీసి రెండు ఖాతాలుగా రాసింది. పడిన వీరుడి విషయంలో అనుసరించదగిన ఏర్పాటు ఇదేనని గట్టిగా చెప్పవచ్చు.

నిర్వాహకురాలు: అలాగైతే ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. 60 అడుగులు దాటిన ఏ పతనమైనా పాచికలతో పాటు ఒక శాశ్వతమైన మార్పు తేవాలి, ఆ మార్పు ఏమిటో ఆటగాడే ఎంచుకోవాలి: కుంటి కాలు, చూపు మసకబారిన కన్ను, విరిగిన కత్తి, పోయిన వాహనం, ఎత్తు చూస్తే వచ్చే వణుకు, ఏదైనా. బతుకు మాత్రం దక్కుతుంది. కథ ఆగదు, పతనం మరపున పడదు.

మాస్టారు: తోయబడినవాడికి అది న్యాయం. దూకినవాడికి కూడా అదే ఇస్తే మళ్లీ ధరల పట్టిక తయారైనట్టే. కత్తి పోయినా ఫరవాలేదనుకున్నవాడు కత్తి ధరకు దూకుతాడు. తెలిసి దూకేవాడి మార్పును డంజన్ మాస్టర్ ఎంచాలి, అదీ అతను నేలను తాకిన తరువాత.

నిర్వాహకురాలు: ఆ షరతుకు ఒప్పుకోవడం కష్టం. పాలెగాడి కోట మీది నుంచి పసిబిడ్డను పట్టుకుని దూకేవాడూ తెలిసే దూకుతాడు కదా. వాడికీ మెట్లు దిగడానికి బద్ధకించినవాడికీ ఒకే శిక్ష వేస్తారా మాస్టారూ?

మాస్టారు: బిడ్డ కోసం దూకినవాడికి కావలసిందల్లా దూకేముందు కింద ఏముందో నిజం చెప్పడం. నీరా, గడ్డివామా, రాతి ముంగిలా అన్నది డంజన్ మాస్టర్ దాచకూడదు, తరువాత మార్చకూడదు. అది తెలిసి దూకినవాడిని ఎవరూ శిక్షించరు. జరిగేది జరుగుతుంది, అంతే.

కింద ఏముందో ముందే చెప్పాలన్న షరతును ఆమె ఒప్పుకుంది. దూకినవాడి గాయాన్ని ఎవరు ఎంచాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ తమ తమ మాట మీదే నిలబడ్డారు. తరువాతి ఆటలో 60 అడుగులు దాటిన పతనం ఏదైనా జరిగితే, ఆ ఒక్క అంశాన్ని బల్ల చుట్టూ ఉన్న మిగిలిన ఆటగాళ్లు తేల్చాలని నిర్ణయించుకున్నారు.